బస్సెక్కి కొండదారులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండల్లో నడవాలని ఉంది, సొంత బండి లేదు. లేదా ఉన్నా ఆ మలుపుల్లో నడపాలని లేదు. ఇలాంటివాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులివి. చిన్న కొండ ఊళ్లో మకాం పెట్టి, పొద్దున్నే పబ్లిక్ బస్సెక్కి ఏదో ఒక కాలిబాట దగ్గర దిగి, నడిచి, సాయంత్రానికి తిరిగొచ్చే పద్ధతి గురించే ఇదంతా. ఒక్క రోజులో ముగిసే నడకల సంగతే చెబుతున్నాం. టెంట్లు మోసుకెళ్లే పెద్ద ట్రెక్కుల లెక్క వేరు.

కారు ఉంటేనే హాయి కదా, బస్సుతో ఎందుకీ తంటా?

కారు ఎక్కడ ఆపితే మళ్లీ అక్కడికే రావాలి. ఎక్కిన దారినే దిగాలి, లేదా చుట్టూ తిరిగి మొదటికొచ్చే దారి వెతుక్కోవాలి. బస్సులో వెళ్లినవాళ్లకు ఆ బెడద లేదు. ఒక లోయలో దిగి, కనుమ దాటి, అవతలి లోయలో ఇంకో బస్సెక్కి వచ్చేయొచ్చు. కొండల్లో మంచి నడకల్లో చాలా భాగం ఇలా ఇటు ఎక్కి అటు దిగేవే. పైగా నాలుగైదు గంటలు నడిచి కాళ్లు పీకుతున్నప్పుడు, పొద్దుగూకే వేళ ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోవాల్సిన పని ఉండదు. అది చిన్న లాభం కాదు.

నష్టం ఒకటుంది. టైమ్ మన చేతుల్లో ఉండదు. కింది జవాబుల్లో సగం ఆ ఒక్క నష్టాన్ని ఎలా సర్దుకోవాలన్నదే.

ఊరి చుట్టూ చాలా దారులున్నాయి. మొదట ఏది పట్టుకోవాలి?

బస్సులో దూరం పోయి, ఊరి వైపు నడుచుకుంటూ వచ్చే దారి. మిగతా సలహాలన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బస నుంచి ఉత్సాహంగా నడక మొదలుపెట్టి, ఎక్కడో ఒక చివరి పల్లెకు చేరి, అక్కడి నుంచి బస్సులో వద్దామనుకుంటారు. ఇక దారి పొడవునా టెన్షనే. వాచీ చూసుకోవడం, ఫొటో దగ్గర ఆగితే ఒకళ్లనొకళ్లు తొందరపెట్టుకోవడం, చివరి కిలోమీటరు పరుగో నడకో తెలియకుండా పోవడం. అదే దారిని పొద్దున బస్సులో అవతలి కొసకు వెళ్లి ఇటు నడిస్తే ఆ బాధ ఉండదు. బస్సుతో పని పొద్దున్నే అయిపోయింది. గంట ఆలస్యమైతే గంట ఆలస్యంగా బసకు చేరతారు, అంతే.

ఊరు లోయ అడుగున ఉంటే ఇందులో ఇంకో లాభం. బస్సే మిమ్మల్ని పైకి ఎక్కిస్తుంది, మీరు దిగుతూ వస్తారు. అయితే దిగడమంటే సుఖమని అనుకోకండి. ఎక్కుడు ఊపిరికి పరీక్ష, దిగుడు మోకాళ్లకు. 800 మీటర్లు ఒకే ఊపులో దిగితే, అలవాటు లేనివాళ్లకు మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేస్తాయి. కీళ్లనొప్పులున్నవాళ్లు ఎక్కుడు ఎక్కువ, దిగుడు తక్కువ ఉన్న దారి చూసుకోవడం మేలు. చేతికర్రలు ఉంటే దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.

ఊళ్లోనే ముగిసే దారి లేకపోతే?

అరుదుగా తిరిగే బస్సును పొద్దున వాడుకోండి, తరచుగా తిరిగే బస్సును సాయంత్రానికి ఉంచుకోండి. మ్యాప్‌లో చూస్తే ఊరికి వచ్చే మెయిన్ రోడ్డు ఒకటి, పక్క లోయల్లోకి చీలే చిన్న రోడ్లు కొన్ని కనిపిస్తాయి. చిన్న రోడ్డు మీద రోజుకు రెండు మూడు బస్సులే ఉండొచ్చు, మెయిన్ రోడ్డు మీద గంటకొకటి ఉండొచ్చు. కాబట్టి నడక చిన్న రోడ్డు దగ్గర మొదలై మెయిన్ రోడ్డు మీద ముగియాలి. చివర్లో ఒక బస్సు పోయినా ఇంకోటి వస్తుందన్న ధీమా ఉంటే నడక తీరే మారిపోతుంది.

నడవడానికి ఎంతసేపు పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అసలు సూత్రం మైళ్లలో, అడుగుల్లో ఉంది. ఇది దానికి దగ్గరి మెట్రిక్ రూపం. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే ఇంకో పర్వతారోహకుడు దీనికి దిగుళ్ల సవరణ చేర్చాడు. వాలు బాగా నిటారుగా ఉంటే దిగే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి, మెల్లని వాలైతే 10 నిమిషాలు తీసేయొచ్చు.

ఒక ఉదాహరణ. దారి పొడవు 11 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 550 మీటర్లు అనుకుందాం. దూరానికి 2 గంటల 12 నిమిషాలు, ఎత్తుకు 55 నిమిషాలు. కలిపితే 3 గంటల 7 నిమిషాలు. ఇది ఒంట్లో సత్తువున్న మనిషి ఆగకుండా నడిస్తే పట్టే టైమ్. కొండ నడక అలవాటు లేనివాళ్లు దీనికి మూడో వంతు కలుపుకోవాలి, అంటే దాదాపు 4 గంటల 10 నిమిషాలు. తినడానికి, ఫొటోలకు, రాళ్ల మీద కూలబడటానికి ఇంకో గంట. పొద్దున 8:50కి బస్సు దిగితే మధ్యాహ్నం 2 గంటలకు అవతలి స్టాపులో ఉంటారు. అక్కడ బస్సులు 3:30కి, 5:40కి ఉన్నాయంటే ఇది మంచి ప్లాను. 2:15కి ఒకటి, 5:40కి ఒకటి అయితే 2:15 బస్సు లేనట్టే లెక్క. దాన్ని పట్టుకోవాలని చూస్తే రోజంతా పరుగే.

ఇంత లెక్కేశాక ఇంకో టైమ్ కూడా రాసుకోవాలి: వెనక్కి తిరిగే టైమ్. సగం దారిలో కనుమ ఉందనుకోండి. పన్నెండున్నరకు కూడా దాని మీదికి చేరకపోతే ముందుకు పోకూడదు, వచ్చిన దారినే దిగిపోవాలి. పొద్దున బసలో తీరిగ్గా కూర్చుని పెట్టుకున్న టైమ్ ఇది. పైన కనుమ కళ్లెదుట కనిపిస్తుంటే “ఇంకో అరగంటేగా” అనిపించడం మామూలే, అందుకే ముందే రాసుకోమనేది. అలా వెనక్కి దిగితే అక్కడ ఏ బస్సు దొరుకుతుందో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఎక్కుడు ఎన్ని మీటర్లో మ్యాప్ చూసి చెప్పగలమా?

చెప్పొచ్చు. మంచి మ్యాపుల్లో సన్నటి గోధుమరంగు గీతలు వంకర్లు తిరుగుతూ కనిపిస్తాయి. ఒక్కో గీత మీద ఎత్తు అంతటా ఒకటే. పక్క పక్క గీతల మధ్య ఎత్తు తేడా 10 లేదా 20 మీటర్లు ఉంటుంది, మ్యాప్ అంచున రాసి ఉంటుంది. మీ దారి పైకి పోతూ ఎన్ని గీతలు దాటుతోందో లెక్కపెట్టి ఆ తేడాతో గుణిస్తే ఎక్కుడు తెలిసిపోతుంది. గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉంటే అక్కడ నిటారు, ఎడంగా ఉంటే చదును. మధ్యలో దిగి మళ్లీ ఎక్కే చోట్లను మర్చిపోకండి. మొదలుకూ చివరకూ మధ్య తేడా 300 మీటర్లే అయినా, దారి రెండు వాగుల్లోకి దిగి లేస్తే అసలు ఎక్కుడు 600 మీటర్లు అయిపోవచ్చు.

1:25,000 మ్యాప్‌లో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. 1:50,000లో అయితే 2 సెంటీమీటర్లు. ఫోన్ ఆప్‌లు ఈ లెక్కలన్నీ అవే చేసిపెడతాయి, కానీ ఒకసారి చేత్తో చేసి చూస్తే దారి స్వభావం బుర్రకెక్కుతుంది.

టైమ్‌టేబుల్‌లో బస్సు ఉంది, తీరా వెళ్తే రాలేదు. ఎందుకలా?

చాలాసార్లు బస్సు తప్పు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది మనం చదవకపోవడం. కొండ ఊళ్లలో బస్సులు ముందు అక్కడివాళ్ల కోసం తిరుగుతాయి. పిల్లలు బడికి, పెద్దలు పనులకు, సంతకు. ఆ తర్వాతే మనం. అందుకే 7:40 అంకె పక్కన చిన్న చుక్కో, నక్షత్రమో, ఒక అక్షరమో ఉంటుంది. బోర్డు కిందికి కళ్లు దించితే దాని అర్థం తెలుస్తుంది: బడి ఉన్న రోజుల్లో మాత్రమే, ఆదివారం లేదు, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకే. మనం నడవడానికి వెళ్లేది సెలవుల్లో. సరిగ్గా బడి బస్సు ఆగిపోయేది అప్పుడే.

బోర్డు దగ్గర నాలుగు చూడండి. ఈ టైమ్‌టేబుల్ ఏ తేదీ నుంచి అమల్లో ఉంది? ఎండాకాలం, చలికాలం పట్టికలు వేరా? ఈ రోజు పండగ సెలవా? రాసిన టైమ్ మీ స్టాపుదా, బస్సు బయల్దేరే చోటిదా? ఈ చివరిది చాలామందిని దెబ్బతీస్తుంది. చిన్న రూట్లలో బయల్దేరే టైమ్, చేరే టైమ్ మాత్రమే రాసి, మధ్య స్టాపులను గాలికొదిలేస్తారు. అప్పుడు మనమే దూరాన్ని బట్టి అంచనా వేసుకుని, దానికి పావుగంట ముందే రోడ్డు మీద నిలబడాలి. కొండ దిగే బస్సు ఖాళీగా ఉంటే అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది.

పొద్దున వెళ్లే బస్సులో దిగేటప్పుడే కండక్టర్నో డ్రైవర్నో “సాయంత్రం బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది” అని అడగండి. బోర్డు కంటే, ఆప్ కంటే ఆ జవాబు నమ్మదగ్గది. ఒక్కోసారి సాయంత్రం ఆ బస్సు తోలేది కూడా ఆయనే అవుతాడు. మీ మొహం గుర్తుంటే మలుపు దగ్గర ఒక చూపు చూస్తాడు.

ఫోన్‌లో మ్యాప్ ఆప్ బస్సు టైమింగ్స్ చూపిస్తుంది కదా, చాలదా?

పెద్ద ఊళ్లలో చాలు. ఆప్‌లో కనిపించే టైమింగ్స్ ఆ ఆప్ కనిపెట్టినవి కావు, బస్సు నడిపేవాళ్లు ఒక ఫార్మాట్‌లో పెట్టి ఇచ్చినవి. జీటీఎఫ్‌ఎస్ అనే ఈ ఫార్మాట్ 2005 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి చేసిన పనితో మొదలై ప్రపంచమంతా పాకింది. కొండ ఊళ్లలో బస్సులు నడిపే చిన్న సంస్థలు ఆ ఫైళ్లు ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా పాతవి అలాగే వదిలేసి ఉండొచ్చు. కాబట్టి ఆప్‌లో బస్సు కనిపించలేదంటే బస్సు లేదని కాదు, కనిపించిందంటే వస్తుందనీ కాదు. ఆప్‌ను రూటు తెలుసుకోవడానికి వాడండి, టైమ్‌ను బస్టాండ్ కౌంటర్లో అడగండి, బోర్డుకు ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఆఖరి బస్సుకు ప్లాన్ చేసుకుంటే తప్పేంటి?

ఆఖరి బస్సు మన కోసం కాదు, మన ఆలస్యం కోసం. దానికి ముందు బస్సును గురిగా పెట్టుకుంటే, కాలు బెణికినా, దారి తప్పినా, వాన పడినా ఆఖరిది మిగిలి ఉంటుంది. ఆఖరి బస్సునే నమ్ముకుంటే, అది రాకపోయిన రోజున చెయ్యడానికి ఏమీ ఉండదు. కొండల్లో కొండచరియ విరిగిపడో, మంచు కురిసో సర్వీసు ఆగిపోవడం వింత కాదు.

ఒక రూట్లో రోజుకు ఒక్కటే బస్సు వెనక్కి వస్తుంటే ఆ దారిని చివర్లో బస్సుతో ముగించే నడకగా పెట్టుకోకండి. పొద్దున అందులో వెళ్లి ఊరికి నడిచి రావడానికైతే అది చక్కటి బస్సు.

బోర్డు, షెల్టరు ఏమీ లేని చోట బస్సు ఆపొచ్చా?

కొన్ని కొండ రూట్లలో ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపుతారు, కొన్నిచోట్ల గుర్తించిన స్టాపుల్లోనే. ముందే అడిగి తెలుసుకోవాలి. ఆపే రూట్లలో ఎక్కడ నిలబడ్డామన్నది ముఖ్యం. మలుపు మీద నిలబడితే మీరు కనిపించేసరికే బస్సు మీ పక్కన ఉంటుంది, బ్రేకు వేసే వ్యవధి ఉండదు. నిటారు ఎక్కుడు మధ్యలో ఆపి మళ్లీ ఎత్తించడం డ్రైవర్‌కు చిరాకు. రోడ్డు తిన్నగా, కాస్త వెడల్పుగా ఉండి, బస్సు పక్కకు తీయడానికి చోటున్న దగ్గర నిలబడండి. దూరం నుంచే చెయ్యి ఊపండి. మసక వేళ అయితే టార్చిని మీ బట్టల మీదో నేల మీదో పడేలా వెయ్యండి, డ్రైవర్ కళ్లలోకి కొట్టకండి. చిల్లర చేతిలో సిద్ధంగా ఉంచుకోండి.

బస్సు చివరి పల్లెదాకా పోయి అదే రోడ్డున వెనక్కి వచ్చే రూటైతే ఒక కిటుకుంది. అది వెనక్కి దిగి వచ్చేదాకా ఆగకుండా, పైకి పోయేటప్పుడే ఎక్కేయండి. టికెట్ కొంచెం ఎక్కువైతే కానీండి. సీటు దొరుకుతుంది, చలిలో నిలబడే పని తప్పుతుంది, బస్సు నిండిపోయి ఆపకుండా వెళ్లిపోతుందన్న భయం పోతుంది.

బస్సు తప్పిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు అక్కడే ఒక పది నిమిషాలు ఆగండి. తప్పిపోయిందనుకున్న బస్సు చాలాసార్లు ఆలస్యంగా వస్తుంటుంది. నిజంగానే పోతే, దగ్గర్లో ఇల్లో కొట్టో ఉంటే వెళ్లి అడగడం, ఊళ్లోని టాక్సీకి ఫోన్ చెయ్యడం, మెయిన్ రోడ్డు దాకా తారు రోడ్డు మీదే నడవడం అన్న వరసలో ఆలోచించండి. టాక్సీ నంబరు పొద్దున బయల్దేరేటప్పుడే రాసుకుని ఉండాలి, అక్కడ నెట్ ఉండకపోవచ్చు. చెయ్యకూడనిది ఒకటే: చీకటి పడుతుంటే టైమ్ కలిసొస్తుందని తెలియని అడ్డదారిలో కొండ దిగడం. రోడ్డు చుట్టూ తిరిగినా రోడ్డే.

ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి. నడక మొదలవకముందే నీరసం వచ్చేస్తుంది.

లోపలి చెవి ఒంటి కదలికను ఒకలా చెబుతుంటే, కళ్లు ఎదుటి సీటును చూస్తూ కదలిక లేదంటాయి. ఆ పొసగకపోవడమే కడుపులో తిప్పడానికి కారణం. ముందు వైపు కూర్చుని, అద్దంలోంచి రోడ్డును చూస్తుంటే ఈ తగువు తగ్గుతుంది. ఫోన్ చూడటం, వెనక సీటు, ఖాళీ కడుపు, మరీ నిండిన కడుపు, నాలుగూ వద్దు. మాత్ర వేసుకునే అలవాటుంటే బస్సెక్కాక కాదు, ముందే వేసుకోవాలి. అయితే ఆ మాత్రల్లో చాలావాటికి మగతగా ఉంటుంది. దిగగానే రాళ్ల దారిలో నడవాలి కాబట్టి, మీకు పడేదేదో ముందే డాక్టర్ని అడగండి. దిగాక ఒక పావుగంట కూర్చుని, నాలుగు గుక్కల నీళ్లు తాగి కదిలితే మేలు.

బస్సు నేరుగా బాగా ఎత్తుకు తీసుకెళ్తే ఇబ్బందా?

2,500 మీటర్ల పైన కావచ్చు. నడిచి ఎక్కేవాళ్లకు ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది, బస్సు రెండు మూడు గంటల్లోనే ఎత్తేస్తుంది. తలనొప్పి, వికారం, అకారణంగా నీరసం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే దాన్ని ప్రయాణ బడలికగా కొట్టిపారేయకండి. ఇవి చాలాసార్లు చేరిన కొన్ని గంటల తర్వాత, ఆ రాత్రి మొదలవుతాయి. అలా ఉన్నప్పుడు ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోయినా, ముదిరినా కిందికి దిగాలి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది ఎమర్జెన్సీ.

మకాం ఉన్న ఊరే ఎత్తు మీద ఉంటే మొదటి రోజు దగ్గర్లో చిన్న నడకతో సరిపెట్టుకోండి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దన్నది వైద్యులు చెప్పే మామూలు లెక్క. పగలు బస్సులో పైకి వెళ్లి, నడిచి, రాత్రికి దిగువన ఉన్న ఊరికే వచ్చి పడుకోవడం ఈ విషయంలో మంచి అలవాటే.

కింద ఎండగా ఉంది, పైన కూడా అంతేనా?

నమ్మకూడదు. ప్రతి 1,000 మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గుతుంది. బస్టాండ్‌లో 20 డిగ్రీలుంటే 1,200 మీటర్ల పైనున్న కనుమ మీద 12 డిగ్రీలు. దానికి గాలి తోడైతే ఇంకా చలి. చలేస్తోంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి, ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత ప్రతి 1,000 మీటర్లకు దాదాపు 10 శాతం పెరుగుతుంది.

బస్సు నడకల్లో ఎక్కువమంది చలికి వణికేది శిఖరం మీద కాదు, సాయంత్రం స్టాపులో. నడిచినంతసేపూ ఒళ్లు వేడిగా ఉంటుంది, చొక్కా చెమటకు తడిసి ఉంటుంది. ఆగిన పది నిమిషాలకే ఆ తడి మంచులా అంటుకుంటుంది. బస్సు ఇంకో నలభై నిమిషాలకు గానీ రాదు. ఒక పొడి బనియను, ఒక చెవుల టోపీ కవర్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకోండి. నడిచేటప్పుడు వాటిని ముట్టుకోవద్దు, స్టాపుకు చేరగానే తడివి విప్పి ఇవి వేసుకోండి. నన్నడిగితే ఖరీదైన జాకెట్ కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

పిడుగులు పడుతుంటే?

వేసవిలో కొండల మీద ఉరుములు మధ్యాహ్నం తర్వాతే ఎక్కువ. పొద్దున తొలి బస్సెక్కడానికి ఇదొక్కటి చాలు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్లలోపే వినిపిస్తే పిడుగు మీకు అందేంత దగ్గర్లో ఉన్నట్టు. గట్టు మీద నుంచి వెంటనే దిగాలి, ఒంటరి చెట్టు కిందికి చేరకూడదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ కదలాలి. మూడు వైపులా గోడ ఉన్న బస్ షెల్టర్ వాన నుంచి కాపాడుతుంది గానీ పిడుగు నుంచి కాదు. తలుపులు మూసిన బస్సు మాత్రం సురక్షితమే.

వాగులు దాటాల్సి వస్తే?

పైన మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున తగ్గి, మధ్యాహ్నం ఎండ ముదిరాక పొంగుతాయి. ఎనిమిదింటికి పాదాలు తడిసిన చోట మూడింటికి మోకాళ్లు దాటొచ్చు. అలాంటి వాగు నడక మొదట్లో వచ్చేలా దారిని తిప్పి పెట్టుకోవాలి. వానకు పొంగిన వాగైతే ఆగడమే.

బ్యాగులో ఏముండాలి?

నీళ్లు, తినడానికి ఏదైనా, వాన కోటు, టార్చి, చిన్న మందుల డబ్బా, విజిల్, కాగితం మీద రాసుకున్న బస్సు టైమింగ్స్, నగదు. టార్చి పగటి నడకకెందుకని చాలామంది వదిలేస్తారు. లోయల్లో సూర్యుడు గట్టు చాటుకు పోయాక వెలుతురు త్వరగా తగ్గిపోతుంది. చెట్ల మధ్య ఇంకా త్వరగా. ఫోన్ టార్చితో దిగితే మ్యాపుకూ, ఫోన్ కాల్‌కూ ఉండాల్సిన చార్జింగ్ అయిపోతుంది.

బూట్లు జారని అట్టతో ఉంటే చాలు. కొత్త బూట్లతో పెద్ద నడకకు వెళ్లకండి, మడమలు బొబ్బలెక్కుతాయి. బురద బూట్లతో బస్సెక్కే ముందు రోడ్డు అంచున నాలుగు సార్లు గీరి, కర్రల మొనలు మూసి, బ్యాగు ఒళ్లో పెట్టుకుంటే కండక్టర్ ఏమీ అనడు.

సిగ్నల్ లేని చోట ఫోన్ మ్యాప్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్‌ను నేరుగా అందుకుంటుంది. కావాల్సింది ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్. 2004లో మొదలైన, ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆప్‌లలో కాలిబాటలు, బస్ స్టాపులు బాగానే ఉంటాయి. బసలో వైఫై ఉండగానే దించుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటోందో లేదో చూడండి. దారిలో కూడా ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచితే చార్జింగ్ నిలుస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, ఫోన్‌ను లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

దారి గుర్తులను నమ్మొచ్చా?

దేశాన్ని బట్టి. స్విట్జర్లాండ్‌లో 65,000 కిలోమీటర్ల కాలిబాటలకు ఒకే పద్ధతి ఉంది. పసుపు గుర్తు మామూలు నడకదారి, తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీ కొండదారి, తెలుపు-నీలం-తెలుపు అంటే అనుభవమున్నవాళ్లకే. అక్కడి బోర్డుల మీద దూరాలు కాదు, గంటలు రాస్తారు, మధ్యలో ఆగడాలు కలపకుండా. అన్నిచోట్లా అంత పద్ధతి ఉండదు. రాళ్లు పేర్చిన గుట్టలు, చెట్ల మీద రంగు చుక్కలు, పశువులు తొక్కిన జాడలు కలగలిసి ఉంటాయి. పశువుల జాడ నీళ్ల దగ్గరికో మేత దగ్గరికో పోతుంది, బస్ స్టాపుకు కాదు. పావుగంటగా ఏ గుర్తూ కనిపించలేదంటే చివరిగా కనిపించిన దాని దగ్గరికి వెనక్కి నడవండి.

నిజంగా దారి తప్పినా, దెబ్బ తగిలినా?

ఆగండి, కూర్చోండి, వెచ్చగా ఏదైనా వేసుకోండి. లోయలోకి పోతే ఊరొస్తుందని వాగు వెంట దిగడం ప్రమాదం, వాగులు జలపాతాలై దూకుతాయి. మన దేశంలోనూ యూరప్‌లోనూ ఎమర్జెన్సీ నంబర్ 112. మీ సిమ్ కంపెనీకి సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ టవర్ అందితే ఈ కాల్ దాని ద్వారా వెళ్లే అవకాశం ఉంది, కాబట్టి సిగ్నల్ గీతలు లేవని ఊరుకోకుండా ప్రయత్నించండి. ఆల్ప్స్ నుంచి వచ్చిన ఆపద సంకేతం ఒకటుంది: నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊదడం లేదా లైటు వెయ్యడం, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు.

ఒక్కరే వెళ్లొచ్చా?

జనం తిరిగే దారుల్లో వెళ్లొచ్చు. కాకపోతే కారులో వెళ్లినవాళ్లు రాకపోతే పార్కింగ్‌లో బండి మిగిలి, ఎవరికో అనుమానం వస్తుంది. బస్సులో వెళ్లినవాళ్లు రాలేదని ఎవరికీ తెలియదు. బసలో ఒక చీటీ ఇచ్చి వెళ్లండి: ఏ బస్సులో వెళ్తున్నాను, ఎక్కడ దిగుతాను, ఏ దారి, ఏ బస్సులో తిరిగొస్తాను, ఎన్నింటికి రాకపోతే కంగారు పడాలి. తిరిగి రాగానే వచ్చానని చెప్పడం మర్చిపోవద్దు.

పిల్లలతో, పెద్దవాళ్లతో?

దారికి మధ్యలో బస్సు రోడ్డు తగిలే నడకలు ఎంచుకోండి. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా నడుస్తారు, లేనివాళ్లు తోడుతో సగంలో బస్సెక్కేస్తారు. రోడ్డుకు సమాంతరంగా, కాస్త పైన సాగే కాలిబాటలు ఇందుకు బాగుంటాయి. టైమ్ లెక్క ఎప్పుడూ అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని బట్టే.

పర్మిషన్లు కావాలా?

రక్షిత అడవులు, సరిహద్దు ప్రాంతాలు, జాతీయ పార్కులు అయితే కావొచ్చు. కొన్ని దారులు వానల్లో, కార్చిచ్చు కాలంలో మూసేస్తారు. ముందు రోజు సాయంత్రమే అటవీ శాఖ ఆఫీసులోనో టూరిస్టు ఆఫీసులోనో అడగండి. ఆఫీసు తొమ్మిదింటికో పదింటికో తెరుస్తారు, మీ బస్సు ఏడింటికే వెళ్లిపోతుంది.

పదిహేను మందిమి కలిసి వెళ్తున్నాం. ఇబ్బందేమైనా ఉందా?

మీకు లేదు, బస్సుకుంది. చిన్న రూట్లలో తిరిగేవి చిన్న బస్సులు, ఇరవై పాతిక సీట్లే ఉండొచ్చు. మీరంతా ఒకే స్టాపులో ఎక్కితే పై పల్లెల నుంచి ఆస్పత్రికి దిగే మనిషికి నిలబడటానికి కూడా చోటుండదు. ముందు రోజే బస్టాండ్‌లో చెబితే కొన్నిచోట్ల పెద్ద బస్సు వేస్తారు. వెయ్యలేమంటే రెండు జట్లుగా విడిపోండి. ఒక జట్టు ఈ కొస నుంచి, ఇంకో జట్టు ఆ కొస నుంచి నడిస్తే మధ్యలో ఎక్కడో ఎదురుపడి కలిసి తినొచ్చు. సాయంత్రం కూడా రెండు వేర్వేరు స్టాపుల్లో, వేర్వేరు బస్సుల్లో ఎక్కుతారు.